పెత్రమాస గడువు

భాద్రపద బహుళ విదియ, మంగళవారం

పొద్దున్నే కులపెద్దలు ముగ్గురు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను మగ్గం గుంటలోంచి తల పైకెత్తి వినాల్సి వచ్చింది.

"అంబదాసు ఇల్లిడిసి పన్నెండేండ్లు నిండినయ్. ఇగ సచ్చినోని లెక్కనే. పెత్రమాస నాడు దర్భ బొమ్మ చేసి కాలబెట్టాలె. తమ్మునివి, అగ్గి నువ్వే పెట్టాలె."

అన్న చచ్చిపోయాడని ఎవరు చూశారు అన్నాను.

"బతికుండని ఎవలు సూసిండ్రు?" అన్నాడు పెద్దాయన. నోరు మూయించడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

అదే రోజు, ఈ పితృ అమావాస్య నాడే, వదిన గాజులు తీయించాలట. వదిన తలుపు వెనకే కండెలు చుడుతోంది. అన్నీ వినే ఉంటుంది. రాట్నం ఆగలేదు.

చవితి, గురువారం

ఇవాళ పోగు ఎన్నిసార్లు తెగిందో.

ఈ ఇంట్లో లచ్చి పేరు ఎవరూ ఎత్తరు. అన్న కూతురు. అప్పటికి నాలుగేళ్లు దానికి. ఇక్కడైనా రాస్తాను, ఇది ఎవరు చదవాలి గనక —

ఆ రోజు వీధిలో పడుగు నిలువుపోగులు చాపి గంజి పెట్టాం. ఆ కొసన అన్న, ఈ కొసన నేను. గంజి ఆరేలోగా కుంచెతో దువ్వకపోతే పోగులన్నీ అంటుకుపోతాయి, నెల రోజుల పడుగు పాడు. వదిన గడపలోకి వచ్చి, పిల్ల ఒళ్లు కాలిపోతోంది, డాక్టరును పిలుచుకు రమ్మంది. అన్న కుంచె కింద పెట్టాడు.

"గంజి ఆరిపోతది అన్నా. అయినంక పో."

ఆ మాట నాది. అన్న మళ్లీ కుంచె తీశాడు. పని అయింది. డాక్టరు వచ్చేసరికి పిల్ల లేదు.

నెల తిరక్కముందే అన్న వెళ్లిపోయాడు. అందరూ అన్ననే తిట్టారు. ఆ మాట నేనన్నానని వదినకు ఈ రోజు దాకా తెలియదు. తెలిస్తే నాకు అన్నం పెట్టేదా?

పంచమి, శుక్రవారం

చీరలు కొనడానికి జోడ్‌భావి పేట్ బజారు సేటు వచ్చాడు. చీర మడత విప్పుతూ మాటవరసకు అన్నాడు — పోయిన నెల కార్లా కొండ మీద ఏకవీర దేవిని చూసొచ్చాడట. గుడి వెనక బౌద్ధుల గుహ ఉందట, పాతది. "ఆడ ఊడ్చే గడ్డపాయన మన తెలుగే మాట్లాడిండు. 'ఏ ఊరు' అంటే మళ్ల నోరిప్పలే."

సేటు వెళ్లాక వదిన వచ్చి నిలబడింది.

"ఒక్కసారి పొయ్యి సూసి రా, రాజేశం. కాకపోతే కాకపాయె."

పన్నెండేళ్లలో వదిన నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. కాదని ఎలా అంటాను?

సప్తమి, ఆదివారం. రైల్లో

జనం తోసుకుంటున్నారు. వదిన జొన్నరొట్టెలు, పల్లికారం కట్టిచ్చింది. విప్పి చూస్తే ఇద్దరికి సరిపడా ఉన్నాయి. తినకుండా మళ్లీ మూట కట్టేశాను.

అష్టమి, సోమవారం

మళవలి స్టేషన్లో దిగాను. వాన. పొలాల గట్ల మీద జారుతూ కొండ దాకా నడక, ఆ పైన మెట్లు. సగం ఎక్కేసరికి మబ్బు కాళ్ల దగ్గరికి వచ్చింది.

పైన దేవి గుడి, కోళ్లు, కొబ్బరికాయలు, మొక్కులకు వచ్చిన కోళీ జాలర్ల కోలాహలం. గుహ ఆ వెనక. పూలమ్మే ముసలమ్మను అడిగాను. బుద్ధుడి సన్యాసులు తొలిచిందట, రెండువేల ఏళ్ల కిందట. మళ్లీ ఆవిడే, పాండవులు ఒక్క రాత్రిలో తొలిచారంది. రెండూ నిజమేనట!

గుహ వాకిట్లో రాతిలో చెక్కిన జంటలు. ఆడా మగా, భుజాల మీద చేతులు వేసుకుని, నవ్వుతూ. నేతవాడి బుద్ధి కదా, ముందు బట్టే చూశాను. ఒంటి మీద ఉందా లేదా అన్నంత పలచన, అంచు మాత్రం కనిపిస్తుంది. అంత సన్నం మా పేటలో ఎవరూ నేయలేరు. తర్వాత ఆ ఆడవాళ్ల చేతులు చూశాను. మణికట్టు నుంచి పైకి గాజులు, నిండుగా. ఇన్ని వందల ఏళ్లలో వీటి జోలికి ఏ కులపెద్దా రాలేదు. ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు, వచ్చింది.

లోపల చల్లగా, పెద్దగా... రెండు వరసల స్తంభాలు, వాటి నెత్తిన ఏనుగులు. కప్పుకు కొయ్య వాసాలు. ఇన్నేళ్ల కొయ్య! నా మగ్గం కొయ్య ఒక్క వానకే ఉబ్బుతుంది. చివర గుండ్రటి రాతి స్తూపం, దాని మీద కొయ్య గొడుగు. దేవుడి బొమ్మ ఎక్కడా లేదు. ఎవరికి మొక్కాలో తెలియక ఆ రాయికే మొక్కాను. దొరకాలని మొక్కానా, దొరక్కూడదని మొక్కానా?

స్తూపం వెనక ఎవరో ఊడుస్తున్నారు. గడ్డం రొమ్ము దాకా ఉంది. "చప్పల్ బాహేర్" అన్నాడు మరాఠీలో, నా కాళ్లు చూసి. చెప్పులు బయట విడిచి వచ్చాను. ముఖం చూశాను. అన్న కాదనిపించింది. నిజం రాయాలంటే, కొంచెం తేలికైంది కూడా.

అప్పుడు చీపురు తాడు తెగింది. కింద కూర్చుని, రెండు కొసలూ పెదాలకు తడి చేసి, ఎడమ బొటనవేలి కింద తిప్పి, చూడకుండానే ముడి వేశాడు. బాపుది, మా నాన్నది, ఎడమచేతి వాటం. తెగిన పోగును ఆయన అలాగే అతికేవాడు. ఆ ముడి మా ఇద్దరికే నేర్పాడు.

"అన్నా" అన్నాను.

చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

"బాపు ఉన్నడా?"

"పోయిండు. ఎనిమిదేండ్లాయె."

బయట వాన చప్పుడు. రొట్టెల మూట ఇచ్చాను. ఒకటి తిన్నాడు. రెండోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నవమి, మంగళవారం

మళ్లీ కొండ ఎక్కాను. పెత్రమాస సంగతి, దర్భ బొమ్మ సంగతి చెప్పాను.

"కాలబెట్టుండ్రి. మంచిదే."

"మరి వదినె?"

లేచి యాత్రికులకు నీళ్లు పోసి వచ్చాడు. వచ్చాక అన్నాడు — "మగ్గం సప్పుడు ఇనలేను, రాజేశం. దాంట్ల పిల్ల మూలుగుతది."

ఇక దాచలేకపోయాను. పోవద్దన్నది నేనే కదా, శిక్ష నీకెందుకు అన్నాను. ఎంత తేలికగా చెప్పాడో —

"చెప్పింది నువ్వే. ఇన్నది నేను. కన్నోన్ని నేను."

నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. "నన్ను సూసినట్టు ఎవలకు చెప్పకు. ఒట్టు." వద్దన్నాను. చెయ్యి వదల్లేదు. వేశాను ఒట్టు. పిరికివాణ్ని.

దశమి, బుధవారం. రైల్లో

బుద్ధుడు కూడా పెళ్లాన్ని వదిలే వచ్చాడంటారు. ఆయన కోసం కొండలు తొలిచారు. ఆ ఇల్లాలి గురించి ఎవరైనా అడిగారా? అన్న మీద కోపం వస్తోంది. జాలి కూడా. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలి.

ఏకాదశి, గురువారం

మిల్లు భోంగా కూత పెట్టే వేళకు ఇల్లు చేరాను. పెద్దాయన నాకంటే ముందే వచ్చి అరుగు మీద ఉన్నాడు.

"అన్న కాదు, ఎవలో మరాఠీ బైరాగి" అన్నాను.

"నేను ముందే అన్న గద!" లేచి వెళ్లిపోయాడు, పురోహితుడితో మాట్లాడాలట. వదిన ఖాళీ అయిన రొట్టెల గుడ్డ నా చేతిలోంచి తీసుకుంది. దులిపింది. ఉతికి ఆరేసింది.

త్రయోదశి, శనివారం

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, మామూలుగా అడిగింది.

"బక్కగైండా?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవరు అనబోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం — "గడ్డం పెరిగింది."

ఒట్టు అక్కడే మంట గలిసింది. ఇక ఆగలేదు, అంతా చెప్పేశాను. గుహ, బాపు ముడి, రొట్టె. చివరికి లచ్చి సంగతి కూడా. "ఆ దినం పోవద్దన్నది అన్న కాదు వదినె, నేను."

"తెల్సు. గడపల నిలవడ్డదాన్ని, నాకు ఇనబడలేదా?"

పులుసు పోసింది.

పన్నెండేళ్లు. పొద్దున, సాయంత్రం. తెలిసే వడ్డించింది. ఇప్పుడు నాకు అన్నం ఎలా దిగుతుంది? తిట్టినా బాగుండేది. ఒక్కసారి తిట్టినా బాగుండేది.

చతుర్దశి, ఆదివారం

దర్భ తెచ్చి వాకిట్లో పడేశారు. ఇవాళ మగ్గం ఎక్కలేదు.

అమావాస్య, సోమవారం. పొద్దున

బొమ్మ తయారైంది. అన్న ఎత్తు కంటే పొట్టిగా చేశారు. పాడె మీద పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. వీధి పిల్లలు బతుకమ్మకు పూలు తెచ్చి వాకిట్లో కూర్చోబోతే ఎవరో ముసలమ్మ, "ఇయ్యాల ఈడ కాదే" అని తరిమింది.

గాజులు తీయించడానికి వచ్చిన ఆడవాళ్లు వదినను వెతుకుతున్నారు. వదిన నా గదిలో ఉంది. ఇప్పుడే వచ్చింది, తలుపు దగ్గరికి వేసింది. రెండు చేతులూ చూపించింది. బోసిగా. ఎడమ మణికట్టు మీద కొంచెం నెత్తురు.

"నేనే తీసేసుకున్న. ఆళ్లెవ్వలు నాకు తీసుడు?"

"నాకు మొగడు లేడు, రాజేశం. నీకు అన్నున్నడు. అగ్గి పెట్టకు."

అన్నకు ఒట్టు వేశాను కదా, వాళ్లకేం చెప్పను అన్నాను.

"అది నీ ఇష్టం" అంది. కొంగుతో మణికట్టు తుడుచుకుని వెళ్లింది. ఆడవాళ్ల మధ్య కూర్చుంది, కిటికీలోంచి కనిపిస్తోంది.

పెద్దాయన పిలుస్తున్నాడు. నిప్పు కుండ సిద్ధంగా ఉందట, పట్టుకుని ముందు నేను నడవాలి. వస్తున్నా అన్నాను. ఇంకా లేవలేదు. మళ్లీ పిలుస్తున్నాడు.