దీవించిన గొడ్డళ్లు

సిద్దిపేట తహసీల్దారు గారి సముఖమునకు, చింతమడక శివారు క్రైస్తవ సంఘపు ఉపదేశి తీతు, తండ్రి పేరు బుచ్చయ్య, వ్రాసుకొన్న అర్జీ. జూన్ 1944.

విషయం: వాగు గట్టు మద్దిచెట్ల నరికివేత ఆపించి, నరికేవారికి వేరే కూలిపని ఇప్పించుట గురించి.

అయ్యా,

దీనిని ఉర్దూలో వ్రాయించవలసినది. మున్షీ ఎదుట ఈ సంగతి చెప్పుకొనుటకు సిగ్గుపడి, నాకు వచ్చిన తెలుగులోనే వ్రాసుకొనుచున్నాను. మన్నించవలెను.

1. ఏటా తొలకరికి ముందు మా సంఘము వాగు గట్టున చెట్ల నీడను కూడి, నేల కొరకు, నీటి కొరకు, చెట్టుచేమల కొరకు, పశువుల కొరకు ప్రార్థన చేయుట ఆచారము. ఎవరి పనిముట్లు వారు తెచ్చి సిలువ ముందర పెట్టెదరు. నాగలి, కొడవలి, విత్తనాల బుట్ట, ఏది ఉంటే అది. నేను వాటిపై చేయి ఉంచి దీవించెదను.

2. యుద్ధము వలన పెట్రోలు కరువై బస్సులు కట్టెబొగ్గుతో నడుచుచున్న సంగతి తమకు తెలిసినదే. బొగ్గుబట్టీల గుత్తేదారు మా వాళ్లను చెట్లు కొట్టే కూలికి పెట్టుకొన్నాడు. అందువలన ఈ ఏడు సిలువ ముందరికి గొడ్డళ్లు కూడ వచ్చినవి. నేను కండ్లు మూసుకొని ప్రార్థించువాడను. "ప్రభువా, ఈ చెట్లను కాపాడుము, ఈ పనిముట్లను వర్ధిల్లజేయుము" అని ఒకే ఊపిరిలో అంటిని. సంఘమంతయు ఆమేన్ అన్నది.

3. మరునాడు అవే గొడ్డళ్లు మేము కూర్చున్న నీడ మీదనే పడినవి. నేను పోయి అడ్డుపడగా, మా సంఘస్థుడే అయిన ఇస్తారి గొడ్డలి దించి, "నువ్వు దీవించినంకనే కొడుతున్నం గద అయ్యగారూ" అన్నాడు. ఇచ్చిన దీవెన వాపసు తీసుకొను కాయిదా మా మతములో లేదు. తమ దఫ్తరులో ఏమైన ఉన్నచో తెలుపవలెను.

4. గట్టును పట్టుకొని ఉన్నవి ఆ చెట్ల వేళ్లే. మిగిలినవి కూడ పోయినచో పెద్దవానకు గట్టు కోసుకపోయి, దిగువ మడులలో ఇసుక మేట వేయును.

5. ఇక ముఖము చెల్లని మాట. మా ఆడవారు ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు జొన్నలు ఉపదేశి పేర తీసిపెట్టెదరు. ఇప్పుడవి గొడ్డలి కూలి జొన్నలు. ఆ జొన్నల గటక తాగియే నేను చెట్ల మీద జాలిపడుచున్నాను. కావున నరుకుట ఆపించి, అవే చేతులకు చెరువుకట్ట మరమ్మతు పని దయచేయించవలెను.

తల ఎత్తలేక వ్రాసిన ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఉపదేశి తీతు

మరొక మాట: సంతకము చేసిన పిమ్మట ఇస్తారి భార్య పోచవ్వ జొన్నలు తెచ్చినది. ఈ కూలి గింజలు నాకు వద్దంటిని. ఆమె గడప అవతలనే నిలబడి, "నువ్వైతే వద్దంటవు అయ్యగారూ. ఇంట్ల పోరగాండ్లకు గివే కాచి పోసిన. ఆళ్లను గూడ వద్దనమంటవా?" అన్నది. గిన్నె పట్టితిని, కాచుకొని తాగితిని. అయ్యా, కూలి మాట అన్నిటికన్న క్రింద వ్రాసినాను. తమరు దానిని మొదట చదివి, ఆ తరువాతనే చెట్ల మాట చదువవలెను.