అరటిచెట్టు ఉన్న చోట నేను

మరిది సాంబశివరావుకి,

మీ అన్నయ్య పోయాక స్టూడియో నడుపుతున్నది నేనే కాబట్టి, రీలు కెమెరా మానేసి డిజిటల్‌కి మారమని నువ్వు చెబితే నిజంగానే ఆలోచించాను. అంతలో జ్ఞానేశ్వరి పెళ్లి ఆల్బమ్ వచ్చింది.

మండపంలో నేను ఫోటో తీస్తుంటే "పెద్దమ్మా, నువ్వూ వచ్చి నిలబడు" అని పిలిచింది నీ కూతురే. టైమర్ పెట్టి వెళ్లాను. నువ్వు పెట్టుకున్న డిజిటల్ ఫోటోగ్రాఫరూ అప్పుడే తీశాడు. తీరా ఆల్బమ్‌లో నేనున్న చోట అరటిచెట్టు ఉంది! పెళ్లి ఫోటోలో విధవ ఉండకూడదని నువ్వే నన్ను తీసేయించావట.

మనిషిని మాయం చేసే కెమెరా నాకొద్దు. నేను తీసిన ఫోటోని నిలువెత్తు ప్రింటు వేసి గవర్నర్‌పేటలో మన షాపు ముందే పెట్టాను. అందులో జ్ఞానేశ్వరి చెయ్యి నా భుజం మీదుంది. నెగటివ్‌లో నన్ను కత్తిరిస్తే నీ కూతురి చెయ్యీ తెగుతుంది. కత్తెర పట్టుకుని రా, చూస్తాను.

నీ వదిన