పెద్దాయనకు పెద్దకొడుకు

పళ్ళేల రాళ్ళ రేవు,
మంగళవారం.

ప్రేమగల థోవా అక్కకు, దియెమ్ నమస్కరించి రాసేది.

ద లాత్ కొండల మీద మీ క్యాబేజీ మళ్ళు బాగున్నాయనుకుంటాను. చిన్నదాని పెళ్ళి కుదిరిందని, వియ్యాలవారిని తీసుకొచ్చి మన సముద్రం చూపిస్తానన్నావు. ముందు దీపస్తంభం ఎక్కాలా, పళ్ళేల రాళ్ళ దగ్గరికి వెళ్ళాలా, పాత చామ్ రాజుల గోపురం చూడాలా అని అడిగావు. అవన్నీ ఎక్కడికీ పోవక్కా. ముందు ఇది విను. పెద్దాయన మన ఒడ్డుకు వచ్చాడు!

నువ్వు కొండెక్కి ముప్పై ఏళ్ళయినా మరిచిపోయి ఉండవు. తుఫానులో పడవ మునిగితే వీపు ఆసరా ఇచ్చి మనవాళ్ళను ఒడ్డుకు చేర్చే తిమింగలాన్ని పెద్దాయన అనక ఇంకేమంటాం!

తెల్లవారుతూనే నాచు కోసుకొద్దామని వెళ్ళాను. పళ్ళేలు దొంతర పెట్టినట్టుండే ఆ నల్లరాళ్ళు నీళ్ళలోకి దిగే చోట ఆయన పడుకుని ఉన్నాడు. రెండు పడవలంత పొడవు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. ప్రాణం మాత్రం లేదు. క్వాన్ అమ్ తల్లిని తలుచుకుని, తడి రాళ్ళ మీదే మోకరిల్లి మూడుసార్లు మొక్కాను.

చనిపోయిన పెద్దాయనను ముందు చూసినవాళ్ళే ఆయనకు పెద్దకొడుకు కదా. తలకు ఎర్రగుడ్డ కట్టుకుని ముందు నడవాలి, మూడేళ్ళు మైల పట్టాలి. నేను అక్కడే నిలబడి కేక వెయ్యాల్సింది. కానీ చేతులు చూసుకుంటే నిన్నటి చేపల పొలుసులు. ఈ చేతులతో ఆయన్ని ముట్టుకోనా అనిపించింది. ఇంటికి పరుగెత్తి, స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, అగరొత్తులు పట్టుకుని వచ్చాను. వచ్చేసరికి పడవల ఖోయ్ తలకు ఎర్రగుడ్డ కట్టుకుని పెద్దాయన పక్కన నిలబడి ఉన్నాడు! చుట్టూ ఊరంతా.

"నేనే ముందు చూశా" అంటున్నాడు. నేను నోరు తెరిచాను.

"ఏం దియెమక్కా, ఇవాళ ఆలస్యంగా లేచావా? తల కూడా ఆరలేదు!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్కా, ఈ మాట నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నాన్న సముద్రంలో పోయినప్పుడు మగపిల్లలు లేరని పెదనాన్న కొడుకు చేతికి ధూపపాత్ర ఇచ్చి ముందు నడిపించారు. అతను నాన్నతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. మనిద్దరం వెనక వరసలో నిలబడ్డాం. ఆ రోజు నాకు ముందు నడవాలనిపించింది. అడగలేదు. ఆ కోరిక ఇన్నేళ్ళూ లోపల అలాగే ఉంది. ఇవాళ పెద్దాయన నా కళ్ళ ముందుకే వస్తే, నేను స్నానానికి పోయాను! ఎల్లుండి ఖననం. ఏం చెయ్యను?

నీ చెల్లెలు,
దియెమ్.


శుక్రవారం.

థోవా అక్కా,

కుదురుగా కూర్చుని రాయలేకపోతున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

బుధవారం మధ్యాహ్నం ఖోయ్ మా వాకిట్లోకి వచ్చాడు. వెనకే అతని భార్య. ఆమె అరుపులు సందు మొదట్నించే వినపడుతున్నాయి.

"పెద్దకొడుకువయ్యావు, సంతోషం! వచ్చే నెల పిల్లాడి పెళ్ళి పెట్టుకుని మూడేళ్ళ మైల నెత్తినేసుకుంటావా? ఆడపిల్లవాళ్ళు తాంబూలాలు వెనక్కి పంపరూ?"

ఖోయ్ గోడకేసి చూస్తూ అన్నాడు, "అక్కా, నిన్న నువ్వే ముందొచ్చినట్టున్నావు కదా?"

"నీకెలా తెలుసు?"

"నీ నాచు గంప అక్కడే ఉంది. నేనే పక్కకి తోసేశా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. "ఆ మాట నాతో కాదు, పెద్దాయన గుడి ముందు చెప్పు. అందరూ ఉన్నప్పుడు చెప్పు" అన్నాను. అలా అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యం.

చెప్పాడు. తల దించుకునే అయినా, అందరి ముందూ చెప్పాడు. వెంటనే గోల మొదలైంది. "ఆడమనిషి పెద్దకొడుకేంటి?" అన్నారు. "గోతి దగ్గర మూడుసార్లు పిలవాలి. దియెమ్ గొంతు పక్కనున్న పిల్లికే వినపడదు!" అన్నాడొకాయన.

గుడి పెద్ద సుంగ్ తాత చేత్తో ఆగమన్నాడు. "అరవై ఏళ్ళుగా ఇక్కడ పెద్దాయనల ఎముకలకు దీపం పెడుతున్నాను. ముందు చూసినవాళ్ళు అనే మా తాత చెప్పాడు. మగవాళ్ళు అని చెప్పలేదు. పెద్దాయనకు లేని పట్టింపు మీకెందుకురా?"

నిన్న ఖోయే నా తలకు ఎర్రగుడ్డ కట్టాడు. "గట్టిగా కట్టు! జారి మళ్ళీ నీ నెత్తిన పడిందో, చంపేస్తా!" అని అతని భార్య. డప్పుల వాళ్ళు కూడా నవ్వేశారు. రాళ్ళ దగ్గర్నుంచి గుడి వెనక ఇసుకతిన్నె దాకా ఊరంతా మోకులు పట్టి ఆయన్ని లాగింది. నీళ్ళ మీద పడవలన్నీ జెండాలెత్తాయి. అందరి కంటే ముందు నేను నడిచానక్కా! నా ముందు ఎవరి వీపూ లేదు.

గోతి దగ్గర మొదటిసారి "పెద్దాయనా" అంటే నాకే వినపడలేదు. రెండోసారి ముందు వరస తలలెత్తింది. మూడోసారి నా నోట "నాన్నా!" అని వచ్చేసింది. నీళ్ళ మీది పడవల దాకా వినపడిందట. తప్పు పిలిచానేమోనని భయపడి సుంగ్ తాత వైపు చూశాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "పెద్దకొడుకు ఇంకేమని పిలుస్తుందమ్మా" అన్నాడు.

వియ్యాలవారిని తప్పకుండా తీసుకురా. దీపస్తంభం మెట్లు ఎన్నయినా ఎక్కిస్తాను. నీ చిన్నదాని పెళ్ళికి మాత్రం నేను రాలేను, కోపం తెచ్చుకోకు. ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, మా చెల్లెలు ఇంటికి పెద్దకొడుకు, మైలలో ఉంది అని చెప్పు.

సంతోషంతో,
నీ దియెమ్.