దించని తెర

ఐలా అక్కకి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నీ కుక్క నా మంచం మీదే పడుకుంటోంది, రానివ్వద్దన్నావు గానీ మన దలూత్ ఊరి చలిలో దాన్ని తోసేయడం నావల్ల కాదు. ఆర్మీ ట్రైనింగ్‌లో ఫోన్ ఇవ్వరు కాబట్టి నా గజిబిజి చేతిరాత నీకు తప్పదు.

మన "పొద్దుటి తెర" ఎలా నడుస్తోందని మళ్ళీ అడిగావు. బాగా నడుస్తోందని పోయినసారి రాశాను. అబద్ధం.

చర్చి కింది గదిలో నువ్వూ నీ ఫ్రెండ్సూ మొదలుపెట్టినప్పుడు ఎంత సులువుగా ఉండేది! ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు రాత్రి దించిన వంటింటి కిటికీ తెరని పొద్దున్నే పైకి లాగాలి. స్కూలుకెళ్తూ మనం చూస్తాం. తెర లేవకపోతే తలుపు కొడతాం. కొండ మీద ప్రతి వీధికీ మనవాళ్ళు ఉండేవాళ్ళు, పేపర్లో ఫోటో కూడా వచ్చింది. తర్వాత మిస్టర్ హాల్వర్ పోయాడు. లోపల ఆయన చనిపోయి రోజులైనా తెర పైకే ఉంది, రోజూ చూసి వెళ్ళిపోయాం. లేపారా అనే చూశాం గానీ, రాత్రి దించారా అని ఎవరూ చూడలేదు. నువ్వు వెళ్ళాక అందరి అమ్మానాన్నలూ వాళ్ళ పిల్లల్ని మానిపించేశారు, చర్చి గది తీసేసుకుంది. ఇప్పుడు నేనొక్కదాన్నే.

అక్కా, ఇది అమ్మకి కూడా చెప్పలేదు. మిసెస్ కోస్కి ఇంటి తాళం నా దగ్గరే ఉండేది. జారిపడ్డప్పటి నుంచి ఆవిడ సోఫా దిగలేకపోయేది. ఆవిడ కొడుకు రే పనికెళ్తూ కారు ఆపకుండా కిటికీ వైపు చూసి పోయేవాడు. తెర లేచి ఉంటే వాళ్ళమ్మ బాగున్నట్టే. అందుకని రోజూ నేనే లోపలికెళ్ళి లాగేదాన్ని.

"చెప్పావంటే నన్ను వృద్ధాశ్రమంలో పడేస్తాడు. లాగు పిల్లా, మీ అక్కయితే అడక్కుండానే లాగేది," అనేది.

సోమవారం ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది. సూప్ మింగలేకపోయింది. నన్ను ఐలా అని పిలిచింది. తెర తాడు పట్టుకున్నాను. పక్కింట్లో మిస్టర్ హాల్వర్ తెర ఇంకా పైకే ఉంది, అక్కా. రేపు ఈవిడ పోతే ఈ తెర నా చేత్తో లేపిందే అవుతుంది. తాడు వదిలేసి, తలుపు తాళం వేసి, ఎదురుగా బస్‌స్టాప్‌లో నిలబడ్డాను. నేను చెప్పకుండానే ఎవరైనా చూస్తారేమోనని.

ఒకప్పుడు ఆ వీధి చూసుకున్న బ్రెన్నా వచ్చింది. "ముసలావిడ ఇంకా లేవలేదు చూడవే, హాయిగా పడుకుంది!" అని నవ్వింది. రే కారు వెళ్ళింది. ఆగలేదు.

రోడ్డు దాటాను. తాళం జేబులోనే ఉన్నా తలుపు కొట్టాను.

"ఎవరది?"

"పొద్దుటి తెర వాళ్ళమండీ."

దగ్గుతూనే అడిగింది. "ఆ గుంపు ఇంకా ఉందా?"

"ఉందండీ. మీ తెర లేవలేదు."

"నువ్వేగా లేపాల్సింది, దొంగపిల్లా!"

అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. స్ట్రెచర్ మీద వెళ్తూ ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. న్యుమోనియా అట, ఇంకొక్క రోజు ఆగితే కష్టమయ్యేదని నర్సు చెప్పింది. ఆవిడ నాతో మాట్లాడట్లేదు. రే మాత్రం తాళం అడిగి తీసుకున్నాడు, కళ్ళెత్తి చూడలేదు.

ఆవిడ తెర దించే ఉంది. అది చూస్తే భయం వేయట్లేదు. పక్కింటిది చూస్తేనే భయం, బస్సెక్కేదాకా తల తిప్పుకుని నిలబడుతున్నాను. సెలవు ఇస్తే రా అక్కా. మిస్టర్ హాల్వర్ బంధువుల్ని అడిగి, ఆయన తెర ఇద్దరం కలిసి దించుదాం.

ఇట్లు,
అబద్ధాలు మానేసిన నీ చెల్లి,
టెస్