తాడు పట్టుకున్నోడికి

నువ్వు నాకు అబద్ధం చెప్పినావు దయానంద్. చెయ్యి తడిసి తాడు జారిందన్నావు. చెయ్యి జారలేదు, నీకు మూర్ఛ వచ్చింది. రెండేండ్లుగా వస్తా ఉండాదంట. నేను నా పానం నీ చేతిలో పెట్టి బండ దిగతా ఉంటే, నువ్వు ఆ సంగతి కడుపులో దాచుకుని పైన నిలబడినావు.

ఫోన్ చేస్తే ఎత్తవు. నువ్వు వ్యాను తోలే తిరుచానూరు లాడ్జీ కాడికి వస్తే, వ్యాను తీసుకుని ట్రిప్పుకు పోయినాడంటారు. అందుకే కాగితం రాసి నీ పెండ్లాం రూతు చేతికిస్తా ఉండా. ఆమె ముందర కూర్చుని చదువు. దాక్కునింది చాలు.

ఆ ఆదివారం నీకు సగమే గుర్తుంటాది. మిగతా సగం నేను చెప్తా. తడ అవతల కొండలో మూడో మడుగు. పన్నెండేండ్లుగా వానలు తగ్గినాక మనం దిగే బండే. చెట్టు మొదలుకు తాడు ఒక చుట్టు తిప్పి నువ్వు పట్టుకున్నావు. సగం దిగినాక రెండుసార్లు గుంజినాను. ఎప్పుడూ నువ్వు తిరిగి రెండుసార్లు గుంజుతావు. ఆ పొద్దు గుంజలేదు. "రేయ్ దయా, నిద్రపోయినావా, అది మీ లాడ్జీ మంచం కాదు రా" అని అరిచి నవ్వినాను. నవ్వు నోట్లో ఉండంగానే తాడు వదులైపోయింది, బండకు కొట్టుకుని మడుగులో పడినాను.

గడ్డానికి ఆరు కుట్లు పడినాయి. అది పోనీ. చుట్టు దారిలో పైకెక్కి వచ్చేసరికి నువ్వు బండ అంచున కూర్చోనుండావు. మూరెడు అవతల లోయ. ఒక కాలికి చెప్పు లేదు. నోట్లో రక్తం. నా కోసం భయపడి పెదవి కొరుక్కున్నావనుకున్నాను నేను. నీ ఈపు నిమిరి "నాకేం కాలేదు లే అబ్బా" అని నీకు ధైర్యం చెప్పినాను. ఎంత ఎర్రోడిని చేసినావు నన్ను.

పోయిన వారం రూతు మా రేకుల షెడ్డు కాడికి వచ్చింది. నేను వెల్డింగ్ చేస్తా ఉంటే పక్కన నిలబడి ఏడ్చింది. ఏమ్మా అంటే అంతా చెప్పేసింది. "శేఖరన్నా, మూర్ఛకిచ్చిన మాత్రలు వేసుకుంటే ఆయనకు మత్తుగా ఉంటాదంట. కొండకు పోయే ముందు రెండు దినాలు మానేస్తాడు. ఎందుకయ్యా అంటే, తాడు పట్టుకునేటోడికి మత్తుంటే కింద శేఖర్ గాడు సచ్చిపోతాడు అంటాడు."

నా కోసం మానేసినావా. మత్తు లేకుండా నన్ను పట్టుకోవాలని మాత్ర మానేస్తే, మాత్ర లేకనే నన్ను వదిలేసినావు. దీనికి నిన్ను తిట్టాల్నా, నన్ను నేను కొట్టుకోవాల్నా. వెల్డింగ్ హోల్డరు కింద పెట్టేసి షెడ్డు ఎనకాల పోయి కూర్చున్నాను. ఆ మాట విన్నప్పటి నుంచి నిచ్చెన ఎక్కలేకుండా ఉండా. నాలుగో మెట్టు మీద కాలు పెడితే, ఎవరో కింద నుంచి నిచ్చెన తీసేసినట్టుంటాది. మేస్త్రీ నగతాడు.

రూతు ఇంకొకటి కూడా చెప్పింది. "జయచంద్రను తరిమినట్టే నన్నూ తరిమేస్తాడు" అన్నావంట. నిజమే. మనతో కొండలు తిరిగేటోడు వాడు, తలకోన దారిలో ఉబ్బసంతో ఆయాసపడతా ఉంటే, ఊపిరి లేనోడు ఇంట్లో పండుకోవాల, మా ఎనకాల రావద్దు అని అందరి ముందర అన్నాను. వాడు మళ్లీ రాలేదు. నువ్వు పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. నాకు ఆనాడు సిగ్గు లేదు. ఈనాడు ఉండాది. నువ్వు దాచిందాంట్లో నా వంతు ఉండాది, ఒప్పుకుంటా.

అయినా నిన్ను వదలను. ఎందుకంటే శనివారం నువ్వు ట్రిప్పు తీసుకుని భాకరాపేట ఘాట్ ఎక్కినావు, చూడు. నీ ఎనకాల బైకు మీద వచ్చింది నేనే. ప్రతి మలుపు కాడా బండి ఎడమకు ఒరిగితే నా గుండె ఒరిగింది. వ్యాను ఎనకద్దంలో నుంచి ఒక ముసలామె నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను తిరిగి ఊపలేకపోయినాను. పదహైదు మంది ఉండారు దయా ఆ బండిలో. మన మాదిరి వాళ్లు చెట్టుకు తాడు కూడా చుట్టుకోలేదు. అప్పుడే నీకు అడ్డంపడి ఆపాల్సింది. మలుపులో నన్ను చూసి ఉలిక్కిపడతావేమో, ఆ ఉలికిపాటుకే మూర్ఛ వస్తాదేమో అని భయపడినాను. ఘాట్ దిగేదాకా నీ ఎనకాలనే వచ్చినాను.

వ్యాను సర్వీసుకు పోయిందని, శుక్రవారం దాకా ట్రిప్పు లేదని రూతు నిన్న చెప్పింది. అందుకే నీకు ఈ రెండు దినాలు ఇస్తా ఉండా. లేకుంటే ఇంతసేపు రాస్తా కూర్చునేటోడిని కాదు.

బండి తాళాలు ఓనరుకు ఇచ్చేసి నిజం చెప్పు. డాక్టరు సరే అని రాసిచ్చేదాకా స్టీరింగు ముట్టొద్దు. పని పోతాదనా? మా షెడ్డులో కొలతలు తీసేటోడు లేడు, మేస్త్రీతో మాట్లాడినాను. నేల మీద పని. నీ పొగరుకు తక్కువే, చేస్తావు. మత్తు సంగతి కూడా డాక్టరుకే చెప్పు, నీ అంతట నువ్వు మాత్ర మానేసేది ఇంక లేదు. ఆ మాత్రల పేర్లు, ఏది ఏ పూటకో, నీ చేత్తో రాసి పంపు. వచ్చే నెల తాడు లేని దారిలో నడిచి పోదాం, నా సంచిలో కూడా ఆ మాత్రల అట్ట ఒకటి ఉండాల. జయచంద్రను నేనే పోయి అడుగుతా. వస్తే వాడి అడుగుకు మనం నడుద్దాం.

తాళాలు ఇయ్యకపోతే, రాయకపోతే, శుక్రవారం పొద్దున లాడ్జీ గేటుకు అడ్డంగా పండుకోనుంటా. ఓనరుకు, బండెక్కే ప్రతి ఒక్కరికీ నీ జబ్బు పేరు నేనే చెప్తా. నువ్వు జీవితంలో నా మొగం చూడకపోయినా సరే.

గురువారం సాయంత్రం ఆరు గంటలకు నీ కాగితం నా చేతిలో ఉండాల.

మునిశేఖర్