కాశమ్మ వేలిముద్రలు

సీతమ్మధార, విశాఖపట్నం
శుక్రవారం

చిరంజీవి జ్యోతిర్మయికి నాన్న దీవెనలు.

క్షేమమని మొదలుపెట్టకపోతే ఉత్తరం ఉత్తరంలా ఉండదు కాబట్టి, మీ అమ్మా నేనూ క్షేమమే. జైల్లో నువ్వు క్షేమమా అని అడగడానికి మాత్రం నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకో చివర్లో రాస్తాను. ప్రతి పేజీ కిందా నా సంతకం చూసి, నాన్నకి చాదస్తం ముదిరిందని నవ్వుకోకు. దాని సంగతీ చివర్లోనే.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ ఏడవడం మానేసింది. ఇప్పుడు తిడుతోంది. పోలీసుల్ని, పేపరువాళ్లని, నిన్ను, నన్ను, అదే వరసలో. నీ థైరాయిడ్ మాత్రలు గేటు దగ్గర ఇస్తే డాక్టరు చీటీ లేదని తిప్పి పంపారు. చీటీ రాయించుకుని మళ్లీ వెళ్లి ఇచ్చాను, అందాయో లేదో రాయి. నీ నల్లకోటు మేకుకే ఉంది. అమ్మ తీసి దాచబోతే వద్దన్నాను.

బెయిలు సంగతి అడిగావు. ఈ ఊళ్లో నీ తరపున ఎవరూ రాలేదు. కామరాజు కేసు ఎవరూ పట్టకూడదని చేతులెత్తి తీర్మానం చేసిన లాయర్లు, అది పట్టినందుకు లోపలికెళ్లిన నీ కేసు పడతారా? విజయనగరం నుంచి దేవీప్రసాద్ గారని ఒకాయన వస్తానన్నారు. సోమవారం వాదన.

ఎదురింటి పుష్ప మొన్న మీ అమ్మని గేటు దగ్గర నిలదీసింది. "ఏడేళ్ల పాపని సంపేసినోడి తరపున నిలబడతాదేటండీ మీ అమ్మాయి? మీ ఇంట్లో పిల్లకే అలాగైతే ఇలాగే వాదిత్తాదా?" అంది. ఇదే ప్రశ్న నేనూ నిన్ను అడిగాను, గుర్తుందా? "అప్పుడు నేను వాదించకూడదు నాన్నా. కానీ ఇంకెవరో ఒకరు వాదించాలి" అన్నావు. నీ మాట ఆ రోజు నాకు రుచించలేదు. పేపర్లో ఆ పాప ఫోటో కనిపిస్తే పేపరు మడిచి పక్కన పెట్టేసేవాణ్ణి. ఇప్పటికీ అంతే.

కానీ కామరాజు తల్లి కాశమ్మ యారాడ నుంచి వచ్చి మన గుమ్మంలో కూర్చుని చెప్పిన మాట నా చెవిలోంచి పోవడం లేదు. "నా కొడుకు సేసినాడో లేదో నాకు తెల్దమ్మా. సేసుంటే కోర్టే సెప్పాల, శిచ్చెయ్యాల. ఆడి తరపున ఒక్క మాట అడిగే మనిసుండొద్దా?" అంది. కొడుకు మంచివాడని ఒక్కసారి కూడా అనలేదు. నువ్వు వెంటనే వకాల్తా కాగితం తియ్యమన్నావు.

కోర్టు క్యాంటీన్లో భీమశంకరరావు గారు కనిపించారు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆయన దగ్గరే కదా గుమాస్తాగా చేశాను. ఆ తీర్మానం ముందుగా ప్రతిపాదించింది కూడా ఆయనే. "ఏటి గురునాథం, ఆడపిల్లని ఆమాత్రం అదుపులో ఎట్టుకోలేపోయావా?" అని పదిమందిలో నవ్వారు. నాకో టీ కూడా చెప్పారు. తాగాను. సిగ్గులేని ప్రాణం.

ఇక అసలు సంగతి. "ఆ కాగితాల మాట ఎక్కడా ఎత్తకు నాన్నా" అని కిందటి ఉత్తరంలో రెండుసార్లు రాశావు. ఎత్తుతున్నాను.

వకాల్తా మీద కాశమ్మ చేత వేలిముద్ర వేయిస్తుంటే, "ఇంకెన్నిసార్లు రావాల బాబూ? ఒక్కరోజు సేపలమ్మకపోతే పొయ్యెలగదు" అంది. కొండ దాటి రెండు బస్సులు మారి వచ్చే మనిషి. పాపమనిపించింది. పాత అలవాటు చేతిలోనే ఉంది. నాలుగు తెల్ల కాగితాల అడుగున వేలిముద్రలు వేయించి నీ ఫైల్లో పెట్టాను. రేపు ఏ పిటిషనో వెయ్యాల్సి వస్తే పైన టైపు చేసుకోవచ్చు, ఆవిడని తిప్పక్కర్లేదు అనుకున్నాను. ఖాళీ కాగితం మీద ఎవరి సంతకమూ తీసుకోవద్దని నువ్వు ఆఫీసు పెట్టిన మొదటిరోజే చెప్పావు. అందుకే నీకు చెప్పలేదు.

పోలీసులు సోదాకి వచ్చిన పొద్దున్న వాళ్లకి దొరికినవి ఆ నాలుగే. దొంగ సాక్ష్యాలు పుట్టించడానికి దాచావని రాసుకున్నారు. "ఎవరు తీసుకున్నారివి?" అని ఇన్‌స్పెక్టర్ అడిగితే, నువ్వు నా వైపైనా చూడకుండా "నా ఫైల్లో ఉన్నవి నావే" అన్నావు. నేను పక్కనే కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాను. 'నేనే' అనడానికి రెండక్షరాలు చాలు. అనలేదు. డెబ్బై ఏళ్లు, గుండెజబ్బు అని తర్వాత సాకులు వెతుక్కున్నాను. అవేవీ కాదు. భయపడ్డాను తల్లీ. సొంత కూతుర్ని ముందుకు తోసి వెనకాల దాక్కున్నాను.

ఈ విద్య నాకు నేర్పిందెవరో తెలుసా? భీమశంకరరావు గారే. ఆయన బీరువాలో ఇలాంటివి కట్టలకొద్దీ నా చేత్తో సర్దినవే. ఆ బీరువా ఎవరూ తెరవరు. కామరాజు కేసు పట్టనివాడి బీరువాతో ఎవరికేం పని?

ఉత్తరాలు జైలర్ గారు చదివాకే నీకిస్తారని రాశావు. అందుకే ఇదంతా ఇందులో రాశాను. చదవనీ. నకలు దేవీప్రసాద్ గారికిచ్చాను. సోమవారం కోర్టులో పెడతారు, నేనూ వెళ్లి నిలబడతాను. "మిమ్మల్నీ లోపలేస్తారు పెద్దాయనా" అన్నారాయన. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు. నా గుండె మాత్రలు, డాక్టరు చీటీతో సహా, ఒక సంచిలో సర్దింది.

నీకు కోపం వస్తుంది. రానీ. నువ్వు తిరిగొచ్చి ఆ కోటు వేసుకుంటే నన్ను ఎంత తిట్టినా పడతాను. ఈ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను, నావి కాని మాటలు ఇందులో లేవు. ఆఖరి పేజీలో సగం ఖాళీ మిగిలింది. ఇంకెవరూ ఏమీ చేర్చకుండా దానికి అడ్డంగా గీత కొట్టి, మిగతా పేజీల్లాగే దీని కిందా సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
నీ నాన్న
గురునాథరావు,
అడ్వకేటు గుమాస్తా,
ఆ నాలుగు వేలిముద్రలూ వేయించినవాడు.