నిన్ను అడగని ప్రశ్న

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. క్యాన్సరు నీ కడుపులో పుట్టి, ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాలను మూసేసింది. అలా అరుదుగా జరుగుతుందని నువ్వు పోయాకే వేలూరులో చెప్పారు. నువ్వేమో అన్నం సగంలో వదిలేసి, సిమెంటు దుమ్ము దిగాలని బెల్లం నమిలేవాడివి.

నీతో మేస్త్రీ పని చేసిన తమ్ముడికీ ఇప్పుడు ఆయాసం. గుడియాత్తంలో నిన్ను చూసిన డాక్టరే, నీకు చెప్పినట్టే ఈ ఉదయం మళ్లీ దుమ్ము వల్లే అన్నాడు.

"అన్నం తింటా ఉండాడా అని అడగండి సార్," అన్నాను.

"పేపరోళ్లు వైద్యం కూడా చేస్తారా?" అన్నాడు, నేను విలేకరినని తెలిసినవాడు.

"మా అన్నను చూసింది మీరే. అడగండి."

అడిగాడు.

"నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతాది సార్," అన్నాడు తమ్ముడు.

డాక్టరు దుమ్ముకు మందులు రాసిన చీటీ చించేసి, వేలూరులో ఎండోస్కోపీకి రాశాడు. నిన్నెందుకు ఆ మాట అడగలేదో ఆయన చెప్పాలి. అందుకు మళ్లీ వెళ్తాను. ముందు తమ్ముణ్ణి బస్సెక్కించాలి.